నాన్న లారీ – డైనమో, ఆంప్ మీటరు, కొంచెం చరిత్ర

పోయిన వేసవిలో మా నాన్న లారీని దాదాపు తగలబెట్టేశాను. అతిశయోక్తి కాదండీ, నిజంగానే. డాష్‌బోర్డు వెనకనించి పొగ, కాలుతున్న రబ్బరు కంపు. మా అమ్మ అరుగు మీదనించి "ఒరేయ్, దిగరా!" అని ఒకటే కేకలు. నేను కంగారులో తాళం తిప్పేశాను. ఇంజను ఆగలేదు. పాత డీజిలింజను తాళం తిప్పితే ఆగదు, స్టాప్ నాబు లాగాలి. రోజూ కారు నడిపే అలవాటు కదా, ఆ సంగతే గుర్తు రాలేదు. కిందకి దూకి, ఇంజను తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేశాను. పొగ ఆగింది. దాంతోపాటు పన్నెండు వేలు పోసి కొన్న ఆల్టర్నేటరు కూడా చచ్చింది.

ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేరు రాస్తున్నవాణ్ణి. సర్వర్లు పడిపోతే లేపగలను. రెండు వైర్లు, ఒక బ్యాటరీ నన్ను ఇంత ఆట ఆడిస్తాయని అనుకోలేదు. ఈ టపా ఆ రెండు వైర్ల గురించే. అయితే వాటిని పట్టుకుని పోతే గోదావరి జిల్లాల చరిత్ర కొంత తగిలింది, అదీ చెబుతాను.

ముందు లారీ సంగతి. మాది రావులపాలెం దగ్గర ఒక ఊరు. అప్పట్లో తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ జిల్లా. తాతయ్య 1971లో సెకండ్ హ్యాండులో ఒక లారీ కొన్నాడు. 1966 మోడలు టాటా మెర్సిడెస్ బెంజి. ఇప్పటి పిల్లలకి చెబితే "బెంజి లారీనా!" అని నవ్వుతారు గానీ, 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్ళ టెల్కో కంపెనీకి జర్మనీ డైమ్లర్ బెంజితో ఒప్పందం ఉండేది. జంషెడ్‌పూర్‌లో తయారైన లారీల ముక్కు మీద ఆ మూడు కోణాల నక్షత్రం ఉండేది. ఒప్పందం అయిపోయాక నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది. మా ఊళ్ళో మాత్రం చాలాకాలం దాన్ని "బెంజి లారీ" అనే పిలిచారు. ధాన్యం, తవుడు, కొబ్బరికాయలు, రావులపాలెం అరటి గెలలు.. అది మొయ్యని సరుకు లేదు. తాతయ్య తర్వాత నాన్న నడిపాడు. 1998 తర్వాత అది రోడ్డెక్కలేదు, షెడ్డులోనే ఉంది. 2022లో నాన్న పోయాక అమ్మేద్దామనే మాట వచ్చింది. నేనే వద్దన్నాను. కనీసం మా పెరట్లోనన్నా స్టార్టయి నాలుగడుగులు కదలాలని నా కోరిక.

మెకానిక్ ఇంజను బాగుచేశాడు. "వైరింగు సంగతి నేను చూసుకుంటా" అన్నాను. అదీ నేను చేసిన తప్పు. నాలుగు వీడియోలు చూసి, డైనమో తీసేసి ఆల్టర్నేటరు బిగించాను. ఎక్కడికీ పోని వైర్లన్నీ కత్తిరించేశాను. మన భాషలో చెప్పాలంటే డెడ్ కోడ్ తీసేశానన్నమాట. తీసిన డైనమోని ఇంట్లో ఉన్న ఇనుప సామానుతోపాటు పాత సామాన్ల వాడికి తూకానికి వేసేశాను.

పొగ వచ్చిన మర్నాడు రాజమండ్రినించి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. నాన్నకి బాగా తెలిసిన లారీ ఎలక్ట్రీషియను. డెబ్భై ఎనిమిదేళ్ళు, కళ్ళజోడుకి తాడు, చేతిలో ఒక టెస్టు బల్బు. మల్టీమీటరు ఇస్తానంటే వద్దన్నాడు. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"డైనమో ఏదండీ బాబుగారూ?"

"తూకానికి వేసేశాను మేస్త్రిగారూ."

ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఆ ఖాళీ బ్రాకెట్టు వైపు చూసి, "ఆయ్.. సరేనండి" అన్నాడు. ఎందుకలా అన్నాడో సాయంత్రానికి గానీ తెలీలేదు.

సరే, ఇక్కడ కొంచెం టెక్నికల్ సంగతి చెప్పుకోవాలి. మన జనానికి ఇది కష్టం కాదు.

బ్యాటరీ అనేది ఒక చెరువు అనుకోండి. సెల్ఫు కొట్టినా, లైట్లు వేసినా నీళ్ళు పోతాయి. ఇంజను తిరిగినంతసేపూ ఫ్యాన్ బెల్టుతో తిరిగే ఒక యంత్రం ఆ చెరువుని నింపుతూ ఉండాలి. పాత బళ్ళలో ఆ యంత్రం డైనమో. దాంట్లో తిరిగే ఆర్మేచర్లోనే కరెంటు పుడుతుంది. అది కమ్యుటేటరు, కార్బన్ బ్రష్షుల మీదుగా బయటికి రావాలి. అప్పటి 12 వోల్టుల డైనమోలు మహా అయితే 20–25 ఆంపియర్లు ఇచ్చేవి. అసలు చిక్కు ఏంటంటే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే డైనమో వోల్టేజి బ్యాటరీ కంటే తక్కువైపోతుంది. అప్పుడు కరెంటు వెనక్కి, అంటే బ్యాటరీలోంచి డైనమోలోకి పారుతుంది. అలా పారకుండా మధ్యలో లైను తెంపే చిన్న అయస్కాంతపు స్విచ్చే కటౌటు. (సినిమా హీరోల కటౌటు కాదు లెండి.) అంటే ఇంజను ఐడిల్‌లో ఉంటే డైనమో బండికి చార్జింగు దాదాపు సున్నా.

ఇప్పుడు ఈ యంత్రాన్ని గోదావరి డెల్టాలో పెట్టి చూడండి. రాజమండ్రి దగ్గర 1900లో కట్టిన హేవలాక్ వంతెన రైళ్ళకే. లారీ ఎక్కే వంతెన, అదే రోడ్డు కం రైలు వంతెన, వచ్చింది 1974లో. అంతకు ముందు రేవుల దగ్గర పంటు కోసం ఎదురుచూపులే. కాలవ గట్ల మీద రోడ్లు, లాకుల దగ్గర ఇరుకు వంతెనలు, ఎదురుగా ఎడ్లబళ్ళు. కోతల కాలంలో ధాన్యం లోడ్లు రాత్రిళ్ళే ఎక్కువ. అంటే లైట్లు వెలుగుతూ ఉండాలి, ఇంజను మాత్రం నెమ్మదిగా తిరుగుతుంది. చెరువు ఖాళీ అవుతుంటుంది, నింపేది ఉండదు. హైవే మీద గంటలకొద్దీ ఒకే వేగంతో పోయే బండికి డైనమో చక్కగా సరిపోతుంది. మన డెల్టా రోడ్డుకి మాత్రం అది సరైన జోడీ కాదు.

అందుకే ఇక్కడి డ్రైవర్లకి లెక్క తెలియాల్సి వచ్చింది. కంపెనీ మా లారీకి ఇచ్చింది ఒక ఎర్ర లైటు మాత్రమే. చార్జింగు లేకపోతే వెలుగుతుంది, ఉంటే ఆరిపోతుంది. తాతయ్యకి అది చాల్లేదు. తుక్కు కింద పోతున్న ఒక బెడ్‌ఫోర్డు లారీ డాష్‌బోర్డునించి ఆంప్ మీటరు ఒకటి ఊడదీయించి దీంట్లో బిగించుకున్నాడు. మధ్యలో సున్నా, కుడివైపు ప్లస్ ముప్పై, ఎడమవైపు మైనస్ ముప్పై. ఇంగ్లీషు మీటరు, జర్మన్ వైరింగు, రాజమండ్రి మేస్త్రి!

ఆ మీటరు బ్యాటరీలో ఎంత ఉందో చెప్పదు. ఇది చాలామంది పొరబడే సంగతి. డీజిలు ముల్లులాంటిది కాదది. ఈ క్షణంలో బ్యాటరీలోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది, అంతే. మరి ఎంత ఉందో తెలిసేదెలా? నాన్న చూసే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే స్టార్టు చేసి కొంచెం యాక్సిలరేటరు తొక్కి పట్టుకుంటాడు. సూది ప్లస్ వైపుకి లేస్తుంది. అక్కణ్ణించి ఎంతసేపట్లో మెల్లగా సున్నా వైపుకి దిగొచ్చిందో చూస్తాడు. తొందరగా దిగితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఎంతకీ దిగకపోతే రాత్రి బాగా వాడేసినట్టు. అసలు లేవకపోతే బెల్టో, బ్రష్షులో, కటౌటో. ఒక్క సూది, దాని కదలికలో ఇన్ని సంగతులు. మనం ఆఫీసులో గ్రాఫు వాలు చూసి డిస్క్ ఎప్పుడు నిండుతుందో చెప్పినట్టే కదా! డాష్‌బోర్డు అనే మాట కూడా మనకి బళ్ళనించే వచ్చింది. గుర్రబ్బండికి ముందు బురద చిందకుండా కొట్టే చెక్క పేరది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రిగారు తన సంగతి చెప్పుకొచ్చాడు. ఆయన లారీల దగ్గర పని నేర్చుకోలేదట. 1960 ప్రాంతంలో చిన్న కుర్రాడిగా రాజమండ్రిలో ఒక బ్యాటరీ చార్జింగు షాపులో చేరాడు. ఆ షాపుకి ఎక్కువగా వచ్చేవి లారీ బ్యాటరీలు కాదు, రేడియో బ్యాటరీలు!

ఇది నేనెప్పుడూ ఆలోచించని విషయం. విజయవాడ రేడియో స్టేషను మొదలైంది 1948 డిసెంబరు 1న. మాచ్‌ఖండ్ కరెంటు 1955లో మొదలైంది. అది మొదలైనంత మాత్రాన ప్రతి ఊరికీ స్తంభాలు పడలేదు. ఈ మధ్యకాలంలో కరెంటు లేని ఊళ్ళో రేడియో వినాలంటే బ్యాటరీ ఉండాలి, అది అయిపోతే ఎవరో ఒకరు టౌనుకి మోసుకెళ్ళాలి. పెళ్ళిళ్ళకి మైకు సెట్లు కూడా బ్యాటరీ మీదే.

"వారానికోసారి కావిడేసుకుని తెచ్చేవోరండి. ఒకోపాలి సైకిలు క్యారేజీ మీద. యాసిడ్ ఒలికి పంచెలు చిల్లులు పడిపోయేయి. నాకు బ్యాటరీ చూడ్డం అక్కడే తెలిసిందండి. మీటరు తర్వాతండీ, ముందు హైడ్రోమీటరు."

హైడ్రోమీటరంటే గాజు గొట్టంలో తేలే చిన్న బుడ్డి. యాసిడ్ ఎంత చిక్కగా ఉంటే బుడ్డి అంత పైకి తేలుతుంది. నిండు బ్యాటరీలో యాసిడ్ సాంద్రత సుమారు 1.28, ఖాళీదాంట్లో 1.12 దగ్గర. ఒక్కో సెల్లు మూత తీసి విడివిడిగా చూడొచ్చు, ఆరింట్లో ఏది చచ్చిందో అప్పుడు తెలుస్తుంది. నిజానికి చెరువులో నీటిమట్టం చెప్పే కొలబద్ద ఇదే. మూతలు తెరవని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలు వచ్చాక ఆ గాజు గొట్టానికి పని తగ్గిపోయింది.

అలా రేడియో బ్యాటరీలతో మొదలెట్టిన కుర్రాళ్ళే, ఊళ్ళకి కరెంటొచ్చి ఆ పని తగ్గుతున్నకొద్దీ లారీల వైపుకొచ్చారట. మన ఆటో ఎలక్ట్రీషియన్లలో ఒక తరం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడర్థమైంది. పుస్తకం లేదు, సర్టిఫికెట్టు లేదు. ఒక యంత్రం పోయి ఇంకోటి వచ్చినప్పుడల్లా కొత్తది నేర్చుకున్నారు. మనం ఒక లాంగ్వేజినించి ఇంకో లాంగ్వేజికి మారితే లింక్డిన్‌లో చెప్పుకుంటాం.

సాయంత్రం అసలు సంగతి బయటపడింది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. అప్పటికి నాకు రెండేళ్ళు. మా లారీ మూడు రోజులు బానెట్ దాకా నీళ్ళలో నిలబడిందట. నీళ్ళు తీశాక డైనమో నిండా ఒండ్రు. అప్పటికి ఆల్టర్నేటర్లు వచ్చేశాయి. నాన్న దగ్గర మాత్రం డబ్బుల్లేవు, ఆ నెల ఎవరి దగ్గరా లేవు. అప్పుడు ఈ మేస్త్రిగారే ఆ డైనమో విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ఆర్మేచర్‌కి కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి, కమ్యుటేటరు రేకుల మధ్య మైకాని హాక్సా బ్లేడుతో గీరి బాగుచేశాడు. నాలుగు రోజుల పని. డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకున్నాడు. అది మళ్ళీ పన్నెండేళ్ళు పనిచేసింది.

నేను తూకానికి వేసింది దాన్నే. మర్నాడు పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాను. రాగి విడిగా, ఇనుము విడిగా చేసి ఎప్పుడో పంపేశారు.

"పోనీండి బాబుగారూ, ఎప్పటికైనా పోయేదే కదండీ" అన్నాడాయన. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇక ఆల్టర్నేటరు దగ్గరికొద్దాం. డైనమోకి తిరగేసిన అమరిక ఇది. దీంట్లో అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. బ్రష్షుల మీదుగా పోయేది ఆ అయస్కాంతానికి కావాల్సిన కొద్దిపాటి కరెంటే. అందుకని ఎక్కువ వేగంగా తిప్పొచ్చు, ఐడిల్‌లో కూడా కొంత చార్జింగు వస్తుంది. పుట్టేది ఏసీ కాబట్టి దాన్ని డీసీ చెయ్యాలి. చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చేదాకా అది మామూలు బళ్ళలో కుదరలేదు. 1960లో క్రైస్లర్ వాళ్ళు వాలియంట్ కారులో పెట్టడంతో మామూలు బళ్ళలోకి దిగింది. మన కంప్యూటర్లని చిన్నవి చేసిన సెమీకండక్టరే పంటు దగ్గర ఆగిన లారీకి కూడా చార్జింగు ఇచ్చిందన్నమాట.

మరి నాకు పొగెందుకు వచ్చింది? పాత అమరికలో సెల్ఫు మోటారుకి పోయేది తప్ప బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటంతా డాష్‌బోర్డు వెనక ఆంప్ మీటరులోంచే పారుతుంది. మీటరు ముప్పై ఆంపియర్లది. డైనమో ఇచ్చేది అంతకన్నా తక్కువ కాబట్టి భయం లేదు. నేను పెట్టిన ఆల్టర్నేటరు 65 ఆంపియర్లది! బ్యాటరీ ఏమో బాగా దిగిపోయి ఉంది, ఎంతిస్తే అంత తాగేసే స్థితి. ఆ కరెంటంతా పాత వైర్లోంచి, ముప్పై ఆంపియర్ల మీటరులోంచి పారితే ఏమవుతుంది? స్క్రూలు కాలి, వైరు తొడుగు కరిగి పొగ. ఇక నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ పీకడం నా రెండో ఘనకార్యం. చార్జింగు జోరుగా ఉన్నప్పుడు బ్యాటరీని లాగేస్తే ఆ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజి ఒక్కసారి ఎగిరిపడుతుంది. డయోడ్లు తట్టుకోలేవు.

కొత్త బళ్ళలో ఆంప్ మీటరు కనపడకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. కరెంటు పెరిగింది, దాన్నంతా డ్రైవరు మోకాళ్ళ ముందుకి తెచ్చి మళ్ళీ వెనక్కి పంపడం ప్రమాదం. దాని బదులు ఎర్ర లైటు సరిపోతుందన్నారు. ఆ లైటు పనితీరు తమాషాగా ఉంటుంది. ఒక కొస తాళం వైపు, ఇంకో కొస ఆల్టర్నేటరు వైపు. రెండువైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోతుంది. చాలా ఆల్టర్నేటర్లలో ముందుగా అయస్కాంతాన్ని లేపే కరెంటు కూడా ఆ బల్బులోంచే పోతుంది. అంటే హెచ్చరించాల్సిన బల్బే మాడిపోతే, హెచ్చరికా ఉండదు, ఒక్కోసారి చార్జింగూ మొదలవదు!

లైటు తప్పని నేననను. కానీ ఉందా లేదా అన్నదొక్కటే చెబుతుంది. తగ్గుతోందని చెప్పదు. మన మానిటరింగు కూడా అటే పోతోంది కదా. గ్రాఫు చూసే ఓపిక లేదు, అలర్టు వస్తే చూద్దాం అంటాం. అలర్టు వచ్చేసరికి రాత్రి రెండవుతుంది.

మేస్త్రిగారు మూడు రోజులు పనిచేశాడు. పాత కేబులుకి కొత్త టేపు చుడతాననుకున్నాను. ఆయన మాత్రం చుట్టిన టేపు పొర పొరగా విప్పడం మొదలెట్టాడు. నేను పక్కన కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. అది ఒక శాసనం చదివినట్టే ఉంది.

అన్నిటికన్నా లోపల నూలు అల్లిక తొడుగున్న వైర్లు, 1966 నాటివి. కొసల్లో టెర్మినళ్ళ మీద అంకెలు: 30 అంటే ఎప్పుడూ బతికుండే బ్యాటరీ లైను, 15 తాళం తిప్పాక వచ్చేది, 31 ఎర్తు, 50 సెల్ఫు, 61 ఆ ఎర్ర లైటు. జర్మన్ల పద్ధతి. మన పోర్టు నంబర్లలాగా ఏ బండైనా ఇవే అంకెలు. వాటి మీద తాతయ్య ఆంప్ మీటరు కోసం వేయించిన లావు ఎర్ర వైరు. ఆ పైన ప్లాస్టిక్ వైర్లు, క్యాసెట్ ప్లేయరుకి ఒకటి, క్యాబిన్లో అన్నవరం సత్యదేవుడి ఫోటో చుట్టూ వెలిగే సీరియల్ బల్బులకి ఒకటి. అన్నిటికన్నా పైన, సీటు కిందనించి బయటికి పోయి ఎక్కడా కలవకుండా తెగిపోయిన జంట వైరు. నేను కత్తిరించింది అదే.

"ఇదెందుకుండేదో తెలుసాండీ?" అన్నాడు.

చెప్పగానే గుర్తొచ్చింది. సిగ్గేసింది కూడా. 1996 నవంబరు 6 తుఫాను. కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. వెయ్యిమందికి పైగా పోయారు. స్తంభాలన్నీ పడిపోయి మా ఊళ్ళో వారాలపాటు కరెంటు లేదు. నాకు పన్నెండేళ్ళు. నాన్న లారీనించి మా అరుగు మీదకి ఒక జంట వైరు లాగి చిన్న సైడు బల్బు, ట్రాన్సిస్టరు పెట్టాడు. సాయంత్రం అయితే వీధంతా మా అరుగు మీదే. వార్తలు వినేవాళ్ళు, కనపడనివాళ్ళ కబురేమైనా తెలుస్తుందేమోనని వచ్చేవాళ్ళు. ఎనిమిదింటికల్లా నాన్న లైటు తీసేసేవాడు. ఇంకాసేపు ఉంచమని ఎవరు బతిమాలినా ఒకటే మాట, "సెల్ఫు కొట్టడానికి మిగలాలి." రోజు విడిచి రోజు అరగంట ఇంజను తిప్పి, సూది దిగేదాకా చూసి కట్టేసేవాడు. డీజిలు కూడా దొరకని రోజులు. ఒకరాత్రి పక్కింటి పెద్దావిడని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొస్తే ఆ లారీ ఒక్క సెల్ఫుకి స్టార్టయింది. ఆమె బతికింది. నాన్న ఎందుకంత పిసినారిగా లైటు తీసేసేవాడో అందరికీ ఆ రాత్రే అర్థమైంది.

ఆ వైరు నాకు డెడ్ కోడ్ లాగా కనిపించింది. కామెంటు రాసినవాడు లేడు, రాయడం అలవాటు లేని మనిషి.

చివరికి మేస్త్రిగారి పరిష్కారం ఇది. కొత్త ఆల్టర్నేటరు 35 ఆంపియర్లది చాలన్నాడు. దాన్నించి లావు కేబులు నేరుగా సెల్ఫు మోటారు మీది బ్యాటరీ బోల్టుకి, మధ్యలో ఒక ఫ్యూజు. లైట్లు, హారను వగైరాల లైను ఆల్టర్నేటరు కొసనించే తీశాడు. అప్పుడు బ్యాటరీలోకి వచ్చేదీ, పోయేదీ ఆ లావు కేబులులోనే పారుతుంది. మీటరుని తీసెయ్యలేదు. ఆ కేబులుకి సమాంతరంగా, రెండు కొసల్లోనూ చిన్న ఫ్యూజులు పెట్టి సన్నవైర్లతో కలిపాడు. కరెంటు రెండు దారులుగా చీలుతుంది. కేబులు ముక్క పొడుగు మార్చుకుంటూ పోయాడు. ఇంజను ఆపి హెడ్‌లైట్లు వేస్తే రెండు 45 వాట్ల బల్బులకి సుమారు 7.5 ఆంపియర్లు పోవాలి కదా. సూది మైనస్ నాలుగు దగ్గర ఆగేదాకా సరిచేశాడు. "ఇక ఇది సగమే చెబుతాదండి. పది చూపిత్తే ఇరవై వత్తందనుకోండి." కాలిక్యులేటరు లేకుండా షంటు తయారుచేశాడు. ఎప్పుడైనా లావు కేబులు జాయింటు వదులై కరెంటంతా మీటరు వైపు తిరిగితే ఆ చిన్న ఫ్యూజులు పోతాయి తప్ప మళ్ళీ పొగ రాదు. నా తృప్తికోసం పక్కన ఒక వోల్ట్ మీటరు కూడా పెట్టించాను. ఆపి ఉంచినప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉంటే అంతా బాగున్నట్టు.

ఇప్పుడు నా కడుపుమంట ఒకటి చెప్పి ముగిస్తాను. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభయ్యేళ్ళు దాటినవాటికి వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు వరస. మంచిదే. కానీ అది సొంతానికి వాడుకునే టూవీలర్లకి, కార్లకి మాత్రమే. లారీకి అందులో చోటు లేదు. జమీందారు కొన్న కారు వారసత్వం, ఆయన పొలంలో పండిన ధాన్యం మోసిన లారీ తుక్కు! రోడ్డు మీద పాత లారీలు తిప్పమని నేననట్లేదు, వాటి బ్రేకులూ పొగా నాకు తెలుసు. కనీసం నిలబెట్టుకుని చూసుకోవడానికైనా వాటికి ఒక పేరుండాలి కదా. గోదావరి జిల్లాల ఏభై ఏళ్ళ చరిత్ర రాయాలంటే కాటన్ దొర ఆనకట్టతోపాటు ఈ లారీల వైర్లు కూడా చదవాలి. అవి తుక్కులో రాగి కింద కరిగిపోతున్నాయి, చదవగలిగినవాళ్ళకేమో డెబ్భై ఎనిమిదేళ్ళు.

మీ ఊళ్ళో పాత లారీయో ట్రాక్టరో ఉంటే, రంగులు వేయించే ముందు ఒక పని చెయ్యండి. ఎక్కడికీ పోని వైరు కనపడితే కత్తిరించకండి. ఫోటో తీసి, దానికో చీటీ కట్టి, ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నేను మేస్త్రిగారు చెప్పినదంతా బొమ్మ గీసి, అంకెలు వేసి, ఒక కాపీ డాష్‌బోర్డు మూతకి లోపలివైపు అంటించాను. అరుగు మీదకి జంట వైరు మళ్ళీ వేయించాను. చీటీ మీద "1996 తుఫాను – నాన్న" అని రాశాను.

ఆఖరిరోజు స్టార్టు చేసినప్పుడు అమ్మ కూడా వచ్చి నిలబడింది. సూది ప్లస్ వైపుకి లేచి పదిహేను దగ్గర కాసేపు ఆగింది. మెల్లగా దిగడం మొదలెట్టింది. అమ్మకి ఆంపియర్లు తెలీవు. "ఇంకా దిగలేదు, అప్పుడే ఆపకు" అంది.